డీకేటీ భూమి, 300-ఏ అధికరణం, ఇంటి పన్ను: ఆస్తికీ స్వేచ్ఛకూ ఉన్న సంబంధంపై ఒక సమాధానం

తిరుపతిలో ఉండి పోటీ పరీక్షలకు చదువుకుంటున్న మీరు మూడు సంగతులు అడిగారు. 1978లో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల నుంచి తొలగించారు కనుక ప్రభుత్వం ఇప్పుడు మన భూమిని ఇష్టం వచ్చినట్టు తీసుకోవచ్చా అన్నది మొదటిది. ఆస్తి హక్కు, పన్నుపై ప్రజల అదుపు రాజకీయ స్వేచ్ఛకు పునాదులని పుస్తకాల్లో రాసే మాట ఆస్తిపరుల వాదం కాదా అన్నది రెండవది. పలమనేరు వైపు మీ తాతగారికి ఇచ్చిన డీకేటీ భూమిలో (భూమిలేని పేదలకు ప్రభుత్వం సాగుకు ఇచ్చే అసైన్డ్ భూమిలో) కొంత భాగం మామిడి చెట్లతో సహా జాతీయ రహదారికి పోతోందని, డీకేటీ భూమికి పరిహారం రాదని ఊళ్లో పెద్దలు అంటున్నారని, అది నిజమేనా అన్నది మూడవది. చిత్తూరు కోర్టుల్లో చాలా ఏళ్లుగా సివిల్ వ్యాజ్యాలు, అందులోనూ ఎక్కువగా భూసేకరణ కేసులు నడుపుతున్న న్యాయవాదిగా నాకు ఈ మూడూ ఒకే ప్రశ్నలా కనిపిస్తాయి. మన చేతిలో ఉన్నదాన్ని తీసుకునే ముందు పాలకుడు ఎవరిని అడగాలి, ఏ కారణం చెప్పాలి, చెప్పకపోతే మనం ఎక్కడికి వెళ్లాలి అన్నదే ఆ ప్రశ్న.

1978 సంగతి ముందు చూద్దాం. 44వ రాజ్యాంగ సవరణ 19(1)(ఎఫ్) నిబంధనను, 31వ అధికరణాన్ని తొలగించిన మాట నిజమే. అయితే అదే సవరణ 300-ఏ అధికరణాన్ని చేర్చింది, అది 1979 జూన్ 20 నుంచి అమలులో ఉంది. చట్టం ఇచ్చిన అధికారంతో తప్ప ఎవరి ఆస్తినీ వారికి కాకుండా చేయరాదని అది చెబుతుంది. అంటే జిల్లా అధికారి నోటిమాట చాలదు, ప్రభుత్వ ఉత్తర్వు ఒక్కటే ఉన్నా చాలదు, దాని వెనుక శాసనసభో పార్లమెంటో చేసిన చట్టం ఉండి తీరాలి. మనం కోల్పోయింది 32వ అధికరణం కింద నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే హక్కును. 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లే దారి అలాగే ఉంది. కుప్పం రైతు అమరావతిలోని నేలపాడు దాకా వెళ్లి రిట్ వేయడం ఎంత ఖర్చుతో, ఎంత శ్రమతో కూడిన పనో రోజూ చూస్తున్నవాణ్ణి కనుక జరిగిన నష్టం చిన్నదని నేను అనను. కానీ హక్కే లేదని రైతుకు చెప్పి ఇంటికి పంపించే ఉద్యోగి మాత్రం చట్టం తెలియకుండా మాట్లాడుతున్నాడు.

సుప్రీంకోర్టు ఈ అధికరణాన్ని ఇటీవలి ఏళ్లలో చాలా గట్టిగా చదువుతోంది. హిమాచల్ ప్రదేశ్‌లో 1967-68 ప్రాంతంలో ఒక మహిళ భూమిని ప్రభుత్వం భూసేకరణ ప్రక్రియ ఏదీ జరపకుండానే రోడ్డుకు కలిపేసుకుంది. చదువు రాని ఆ వితంతువు ముసలితనంలో కోర్టుకు వెళితే, ఇన్నేళ్లుగా భూమి మా స్వాధీనంలోనే ఉంది కాబట్టి అది మాదైపోయిందని ప్రభుత్వం వాదించింది. 2020 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తిరస్కరిస్తూ, ప్రజాసంక్షేమ రాజ్యం సొంత పౌరుల భూమిపై ఆక్రమణదారులా హక్కు చెప్పుకోవడం కుదరదని తేల్చి పరిహారం ఇప్పించింది. 2024 మే నెలలో కోల్‌కతా నగరపాలక సంస్థ కేసులో మరో అడుగు ముందుకు వేసింది. ముందుగా నోటీసు ఇవ్వడం, అభ్యంతరాలు వినడం, కారణాలతో నిర్ణయం చెప్పడం, ప్రజాప్రయోజనం కోసమే తీసుకోవడం, న్యాయమైన పరిహారం చెల్లించడం, ప్రక్రియను సకాలంలో నడపడం, దాన్ని చివరిదాకా పూర్తిచేయడం అనే ఏడింటినీ 300-ఏ అధికరణంలో ఇమిడి ఉన్న హక్కులుగా ఆ తీర్పు గుర్తించింది. వీటిలో ఒక్కటి మాత్రమే డబ్బుకు సంబంధించినది. మిగిలినవన్నీ అధికారి పౌరుడితో ఎలా వ్యవహరించాలో చెప్పేవి. పరీక్షలో రాసినా రాయకపోయినా ఈ ఏడింటినీ మీరు కంఠస్థం చేసుకోండి, జీవితంలో పనికొస్తాయి.

ఇక పన్ను. చట్టం ఇచ్చిన అధికారం లేకుండా ఏ పన్నూ విధించరాదు, వసూలు చేయరాదు అని 265వ అధికరణం చెబుతుంది. భూమి తీసుకున్నా, పన్ను పేరిట సొమ్ము తీసుకున్నా రాజ్యాంగం పెట్టిన షరతు ఒక్కటే. ఇది యాదృచ్ఛికం కాదు. ఇంగ్లండులో 1215 నాటి మాగ్నా కార్టా మొదలుకొని 1689 నాటి హక్కుల చట్టం దాకా రాజుకూ ప్రజాప్రతినిధులకూ నడిచిన పెనుగులాటలో చాలా భాగం సొమ్ము గురించే నడిచింది. మొదటి చార్లెస్ రాజు పార్లమెంటును పిలవకుండానే, ఓడరేవుల ఊళ్ల నుంచి యుద్ధకాలంలో వసూలు చేసే నౌకా పన్నును 1630లలో దేశమంతటికీ వర్తింపజేశాడు. జాన్ హాంప్డెన్ అనే భూస్వామి తన వంతుగా వేసిన 20 షిల్లింగులు కట్టనన్నాడు, వ్యవహారం కోర్టుకెక్కింది. ఆయనకు 20 షిల్లింగులు లెక్కలోనివి కావు. ఈ ఏడాది అడగకుండా 20 తీసుకోగలిగినవాడు వచ్చే ఏడాది అడగకుండా ఎంతైనా తీసుకోగలడన్నదే ఆయన అభ్యంతరం. 12 మంది న్యాయమూర్తుల్లో 7 గురు రాజు పక్షానే తీర్పు చెప్పారు. అయినా ఆ తీర్పు నిలవలేదు, 1641లో పార్లమెంటు ఆ పన్నును చట్టవిరుద్ధమని ప్రకటించింది. సొమ్ము కోసం ప్రజాప్రతినిధుల సభను పిలవక తప్పని స్థితి ఏర్పడ్డాకే ఆ సభలో మిగతా ఫిర్యాదులు చెప్పుకునే అవకాశమూ స్థిరపడింది. పుస్తకాల్లో పునాది అని రాసేది దీన్నే.

మన ప్రాంతపు చరిత్ర ఇంతకంటే కఠినమైన పాఠం చెబుతుంది. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైత్వారీ పద్ధతిని గట్టిగా నిలబెట్టాడు. మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు అప్పటి కడప జిల్లాలోనివి, చిత్తూరు, పలమనేరు ఉత్తర ఆర్కాటులోనివి. వీటిని కలిపి చిత్తూరు జిల్లా చేసింది 1911లో. రైత్వారీలో రైతు పేరిట పట్టా ఉంటుంది, అతడు నేరుగా సర్కారుకే శిస్తు కడతాడు, మధ్యలో జమీందారు ఉండడు. కాగితం మీద చూస్తే రైతుకు ఇంతకంటే మేలైన ఏర్పాటు లేదు. కానీ శిస్తు ఎంత అన్నది నిర్ణయించేది సర్కారు ఒక్కటే, ఆ నిర్ణయంలో రైతుకు మాట లేదు. దాని ఫలితం 1855లో మద్రాసు ప్రెసిడెన్సీ హింసల విచారణ కమిషన్ నివేదికలో కనిపిస్తుంది. శిస్తు బకాయి రాబట్టడానికి కింది ఉద్యోగులు రైతులను ఎండలో నిలబెట్టేవారు, వంగదీసి మెడను కాళ్లకు కట్టేసేవారు, వేళ్లను చెక్కల మధ్య బిగించి నొక్కేవారు. ఆ రైతుల్లో పట్టా ఉన్నవారు ఎందరో. భూమిపై హక్కు ఉండి పన్నుపై మాట లేకపోతే ఆ హక్కు ఎంతకు పనికొస్తుందో తెలుసుకోవడానికి వేరే దేశం దాకా పోనక్కరలేదు.

ఈ అనుభవం ఉన్నందువల్లే మన స్వాతంత్ర్య ఉద్యమంలో పన్నుల నిరాకరణకు అంత బలం వచ్చింది. చీరాల, పేరాల గ్రామాలను ప్రజల అభ్యంతరాన్ని లెక్కచేయకుండా మునిసిపాలిటీ చేసి పన్నులు అనేక రెట్లు పెంచినప్పుడు, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊరి జనంలో అధికభాగం ఇళ్లు వదిలి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. సొంత ఇల్లు కళ్లెదుట కనిపిస్తుంటే ఎండలో వానలో పాకలో ఉండడం ఎంత పంతమో ఊహించుకోండి. మరుసటి ఏడాది పల్నాటిలో కన్నెగంటి హనుమంతు ప్రాణాలు పోగొట్టుకున్నది పశువుల మేతకు వేసిన పుల్లరి కట్టనన్నందుకే.

పన్నుకు ఇంకో వైపు కూడా ఉంది. చట్టసభే విధించినా పన్ను ఒక హద్దు దాటితే ఆస్తిని లాక్కోవడంతో సమానమవుతుంది. నేల ఎలాంటిదైనా ఎకరానికి ఇంత అని తిరువాన్కూరు-కొచ్చిన్ భూమి పన్ను చట్టం ఒకే రేటు పెట్టింది. ఏటా 3,100 రూపాయల ఆదాయం మాత్రమే వచ్చే ఒక అడవి భూమి యజమానిపై దాని ప్రకారం 50 వేల రూపాయల మేర పన్ను పడింది. 1961లో మూపిల్ నాయర్ కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. అసమానులను సమానంగా చూడడం ఒక కారణమైతే, పన్ను నిర్ణయించే ముందు నోటీసు గానీ, విచారణ గానీ, అప్పీలు గానీ లేకపోవడం ఇంకో కారణం. చూశారా, భూసేకరణ తీర్పులో కనిపించిన నోటీసు, విచారణలే ఇక్కడా ప్రాణం.

మీరున్న తిరుపతినే తీసుకుందాం. 2007లో నగరపాలక సంస్థ అయిన తిరుపతికి ఎన్నికైన తొలి పాలకవర్గం 2021 మార్చి ఎన్నికలతో వచ్చింది. ఆ నడుమ ప్రత్యేకాధికారుల పాలనే సాగింది. ఇంటి పన్ను, కుళాయి పన్ను, చెత్త సంగతి, ఇంటి ప్లాను సంగతి అన్నీ నడిచాయి, కానీ వార్డు తరఫున లేచి ఈ పన్ను ఎందుకని అడగడానికి ప్రజలు ఎన్నుకున్న మనిషి లేడు. మునిసిపాలిటీల కాలపరిమితి 5 ఏళ్లని, అది ముగిసేలోపే ఎన్నికలు జరగాలని 243-యు అధికరణం స్పష్టంగా చెబుతున్నా ఇలా జరిగింది. మన రాష్ట్రంలో పన్నుకు సంబంధించి నన్ను అన్నిటికంటే బాధించే విషయం ఇదే, అయినా దీనిపై ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2020లో చేసిన చట్ట సవరణతో ఇంటి పన్ను అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించే విలువకు మారింది. పెంపు ఏడాదికి 15 శాతానికి మించకూడదన్న హద్దు పెట్టారు, అది మంచిదే. కానీ రిజిస్ట్రేషన్ విలువలు సవరించినప్పుడల్లా పన్నుకు ఆధారమైన విలువ కూడా కదులుతుంది, దానికి కౌన్సిల్‌లో ఓటింగు అక్కరలేదు. సభలో చేతులెత్తి పెంచాల్సిన పన్ను ఒక కార్యాలయపు పట్టికలోనే పెరగడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ఇది ఆస్తిపరుల వాదమని అనడానికి చరిత్రలో ఆధారాలు లేకపోలేదు. 1935 చట్టం కింద మన దేశంలో ఓటు దక్కినవారు జనాభాలో సుమారు 14 శాతమే, ఎందుకంటే ఓటుకు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు పెట్టారు. 1950లో రాజ్యాంగం 326వ అధికరణంతో ఆ కంచెను తీసేసి వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. పన్ను కట్టేవాడికే మాట ఉండాలన్న లెక్కతో చూసినా అది న్యాయమే. సెంటు భూమి లేని కూలీ సబ్బుబిళ్ల కొన్నా జీఎస్‌టీ కడుతున్నాడు. జమీందారీల రద్దు ఇంకా మంచి ఉదాహరణ. కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు జమీందారీల కింద తరతరాలుగా సాగుచేసుకుంటున్న రైతులకు 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రైత్వారీ పట్టాలు ఇచ్చింది. కొందరి హక్కును చట్టప్రకారం పరిహారమిచ్చి తీసుకుని ఎందరికో హక్కు కల్పించిన ఆ చట్టాన్ని ఆస్తి హక్కుకు వ్యతిరేకమని నేను ఎన్నడూ అనుకోలేదు.

అసలు ఆస్తి హక్కు ఎక్కువ అవసరమయ్యేది పేదవాడికే. వంద ఎకరాలున్నవాడికి పలుకుబడి ఉంటుంది, రికార్డులో పేరు తప్పిపోతే ఫోనులో సరిచేయించుకోగలడు. కొన్నేళ్ల కిందట ఒక పెద్దాయన రెండెకరాల చిల్లర డీకేటీ భూమి విషయమై నా దగ్గరికి వచ్చారు. పట్టా కాగితం మడతల దగ్గర చిరిగిపోతే వెనుక గుడ్డపీలిక అంటించి పాలిథిన్ కవరులో పెట్టుకుని తెచ్చారు. సర్వే నంబరు, విస్తీర్ణం, తూర్పున వంక, పడమట గుట్ట పొరంబోకు అంటూ చెక్కుబందీ, కింద వెలిసిపోయిన ముద్ర. అడంగల్‌లో, అంటే ఏ భూమిని ఎవరు సాగుచేస్తున్నారో రాసే గ్రామ రికార్డులో, అనుభవదారు కాలమ్‌లో ఏళ్ల తరబడి ఆయన పేరే ఉంది. స్థానిక ఎన్నికలు అయిన కొంత కాలానికి ఆ పేరు పోయి ప్రభుత్వ భూమి అని వచ్చింది. నోటీసు లేదు, విచారణ లేదు. కనుక్కుంటే, తమ పక్షాన తిరిగితే మళ్లీ ఎక్కిస్తామని ఊళ్లో ఒక నాయకుడు చెప్పి పంపాడట. పాత అడంగళ్ల నకళ్లు, శిస్తు రసీదులు జతచేసి ఆర్డీవో దగ్గర అప్పీలు వేశాం, పేరు తిరిగి ఎక్కింది. అంతవరకు ఆయనకు బ్యాంకులో పంట రుణం పుట్టలేదు. ఎవరికి ఓటు వేయాలో, ఎవరి సభకు వెళ్లాలో అడంగల్‌లోని ఒక గడి నిర్ణయించే పరిస్థితిలో ఉన్న మనిషికి రాజ్యాంగం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛ ఏ మేరకు దక్కినట్టో మీరే ఆలోచించండి.

అసైన్డ్ భూముల విషయంలో ఈ అనిశ్చితి చట్టంలోనే ఉంది. 1977 నాటి బదలాయింపుల నిషేధ చట్టం పేదల భూమిని పెద్దలు కొనేయకుండా కాపాడడానికి వచ్చింది, ఆ ఉద్దేశంలో తప్పులేదు. అయితే అదే చట్టం ఆ రైతును శాశ్వతంగా ప్రభుత్వం దయపై ఉండే హక్కుదారుగా కూడా మిగిల్చింది. 2023లో వచ్చిన సవరణ 20 ఏళ్లు దాటినవారికి పూర్తి హక్కు వచ్చే దారి తెరిచింది. తరవాతి ప్రభుత్వం అలా విడుదలైన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి పరిశీలన మొదలుపెట్టింది. అక్రమాలు జరిగినచోట విచారణ జరగాల్సిందే. కానీ నిజంగా అర్హుడైన రైతుకు హక్కు వచ్చిందో లేదో ఎన్నికల ఫలితాన్ని బట్టి తెలియడం మంచి స్థితి కాదు. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో పట్టా భూములు సైతం పొరపాటున చేరి ఏళ్ల తరబడి అమ్మకం ఆగిపోవడం కూడా ఈ కోవలోదే. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి భూముల దస్త్రాలు కాలిపోయినప్పుడు జనం అంత ఆందోళన పడడానికి కారణం, చాలామంది హక్కుకు ఆ కాగితం తప్ప వేరే ఆధారం లేకపోవడమే.

ఇక మీ తాతగారి భూమి. డీకేటీ భూమికి పరిహారం రాదన్న మాట తప్పు. ప్రజాప్రయోజనం కోసం అసైన్డ్ భూమిని వెనక్కి తీసుకున్నా ఆ రైతుకు పట్టాదారుతో సమానంగా మార్కెట్ విలువ ప్రకారం పరిహారం ఇవ్వాలని, పట్టాలో రాసిన షరతు దానికి అడ్డు రాదని 2004లో మేకల పాండు కేసులో మన ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం చెప్పింది. 2013 భూసేకరణ చట్టం భూయజమాని అన్న నిర్వచనంలోనే అసైన్డ్ భూములపై పట్టా హక్కున్నవారిని చేర్చింది. జాతీయ రహదారులకు భూమి తీసుకునేది 1956 చట్టం కింద అయినా, పరిహారం లెక్క మాత్రం 2015 జనవరి 1 నుంచి 2013 చట్టం ప్రకారమే కట్టాలి. అంటే గ్రామీణ ప్రాంతంలో మార్కెట్ విలువను 1 నుంచి 2 మధ్య రాష్ట్రం నిర్ణయించిన గుణకంతో హెచ్చించి, చెట్లు, బోరు, కట్టడాల విలువ కలిపి, ఆ మొత్తానికి సమానంగా మరో 100 శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకుంటున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) చేర్చాలి.

ఇందులో మీరు జాగ్రత్తపడాల్సినవి గడువులు, కాగితాలు. 1956 చట్టంలోని 3-ఏ సెక్షన్ కింద, భూమి తీసుకోదలచామని చెప్పే నోటిఫికేషన్ ప్రచురితమైన నాటి నుంచి 21 రోజుల్లోగా 3-సి కింద రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి, దానిపై తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. 3-డి ప్రకటన వెలువడగానే భూమి కేంద్ర ప్రభుత్వానికి దఖలు పడుతుంది, ఆ తరవాత రోడ్డు ఎటు పోవాలన్న వాదనకు బలం తగ్గి పరిహారం వాదనే మిగులుతుంది. సంయుక్త తనిఖీకి వచ్చిన రోజున ఇంట్లో ఒకరు తోటలోనే ఉండి, చెట్ల సంఖ్య, రకం, వయసు, బోరు లోతు, పైపులైను పొడవు పంచనామాలో సరిగా రాశారో లేదో చదివాకే సంతకం పెట్టాలి. కాపుకొచ్చిన తోతాపురి చెట్టును మొక్కగా రాస్తే ఉద్యానశాఖ లెక్కలో చాలా తేడా వస్తుంది. అవార్డు (అధికారి నిర్ణయించిన పరిహారం) మొత్తం తక్కువని తోస్తే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని రాసి డబ్బు తీసుకుని, 3-జి(5) కింద మధ్యవర్తికి దరఖాస్తు చేయవచ్చు. షరతులు ఉల్లంఘించారంటూ డీకేటీ పట్టా రద్దు నోటీసు ఈ మధ్యలో వస్తే దాన్ని పక్కన పడేయకుండా గడువులోగా సాగు ఆధారాలతో సమాధానం ఇవ్వాలి, ఎందుకంటే పరిహారం ఎగ్గొట్టే దారి చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. పట్టా ఇంకా తాతగారి పేరుతోనే ఉండి ఆయన లేకపోతే, కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకుని వారసులందరి పేర్లతో 1-బిలో (భూమి ఎవరి పేరిట ఉందో చెప్పే రికార్డులో) మార్పు కోసం ఈ వారమే దరఖాస్తు పెట్టండి. మీ మేనత్తల పేర్లు వదిలేయకండి, అవార్డు దశలో డబ్బు కోర్టు డిపాజిట్‌లో ఇరుక్కుపోయేది ఎక్కువగా వారసుల మధ్య తేలని వాటాల వల్లే.